మారుతి 800లో టకటక

పాత కారు ఉన్నవాళ్లకి రెండు బాధలు. ఒకటి, శబ్దం ఎక్కడ్నుంచి వస్తోందో తెలీదు. రెండు, తెలిసినా ఆ పార్టు దొరకదు. పైకి రెండోదే పెద్ద బాధలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో డబ్బు పోయేది మొదటిదాని దగ్గరే. అందులోనూ అనంతపురం లాంటి చోట.

మా నాయన దగ్గర 2003 మోడల్ మారుతి 800 ఉంది. మా ఊరు కళ్యాణదుర్గం వైపు. ఊరి నుంచి టౌనుకి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అమ్మకి నెలకోసారి అనంతపురంలో చెకప్, మోకాళ్ల నొప్పులతో ఆమె బస్సు మెట్లెక్కలేదు. కారు ఆగిపోతే చెకప్ ఆగిపోయినట్టే. అందుకే 15 ఏళ్లు నిండగానే 2018లో ఒకసారి, మళ్లీ 2023లో ఒకసారి ఆర్సీ రెన్యువల్ చేయించాడు నాయన. 2022 ఏప్రిల్‌కి ముందు 600 రూపాయలున్న ఆ ఫీజు రెండోసారికి 5000 అయ్యి కూర్చుంది!

పోయినేడాది ఆ కారులో ఏదో టకటక మొదలైంది. టౌన్లో ఒక వర్క్‌షాప్ వాళ్లు కారుని అటూ ఇటూ ఊపి చూసి, సస్పెన్షన్ మొత్తం, రెండు యాక్సిళ్లు, బేరింగులు మార్చాలి, 18 వేలవుతుందన్నారు. కారు అమ్మితే వచ్చేదాంట్లో దాదాపు సగం అది. "ఇంకెందుకు సార్, అమ్మేయండి" అని ఓ ఉచిత సలహా కూడా.

ఇప్పుడు మన వృత్తిలోకి వద్దాం. ఎవరైనా వచ్చి "అప్లికేషన్ పనిచేయట్లేదు" అంటే మనం సర్వర్లన్నీ మార్చేస్తామా? ఎప్పుడు పనిచేయట్లేదు, ఏం నొక్కితే, ప్రతిసారీ వస్తోందా అని అడుగుతాం. కారు శబ్దానికీ అవే ప్రశ్నలు. ఇంజన్ వేగంతో మారుతోందా, చక్రాల వేగంతో మారుతోందా? గుంతలో పడితేనా, మలుపులోనా, బ్రేకు తొక్కితేనా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?

ఖాళీ రోడ్డు మీద 50లో వెళ్తూ న్యూట్రల్ చేసి చూడండి. శబ్దం అలాగే ఉంటే అది చక్రాల వైపుది. ఇంజన్ నెమ్మదించగానే తగ్గిపోతే ఇంజన్ వైపుది. ఒక్క పరీక్షతో సగం కారు అనుమానితుల లిస్టులోంచి బయటికెళ్లిపోతుంది. బైనరీ సెర్చ్ అన్నమాట :)

మిగతాదీ అంతే. వేగంతో పాటు పెరిగే "హూం" అనే మోత ఎడమ మలుపులో ఎక్కువైతే కుడి చక్రం బేరింగ్ మీద అనుమానం, ఎందుకంటే మలుపులో బరువు బయటి పక్క చక్రం మీద పడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమంటే ఫ్యాన్ బెల్టు. గుంతలో "దడ్" మంటే బుష్షులో, బాల్ జాయింటో. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే "టక్ టక్ టక్" మంటే అది సీవీ జాయింట్, మన మెకానిక్‌ల భాషలో యాక్సిల్ జాయింట్.

నాయన సంగతిలో తేలింది ఈ చివరిదే. గుత్తి రోడ్డులో ఓ చిన్న షెడ్డు పెట్టుకున్న మెకానిక్ భాయ్ కారు మీద చెయ్యి కూడా వేయకుండా అడిగిన మొదటి మాట, "ఎప్పుడొస్తాంది సారూ సౌండు?" తర్వాత నన్ను ఖాళీ స్థలంలో ఎడమకీ కుడికీ గుండ్రంగా తిప్పమన్నాడు. ఆయన పక్కనే నడుస్తూ విన్నాడు. రెండు నిమిషాల్లో కుడి పక్క జాయింటని తేల్చేశాడు. కింద పడుకుని చూపిస్తే రబ్బరు బూటు చిరిగి ఉంది, గ్రీజు చక్రం లోపలివైపు చిమ్మి ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది, దుమ్ముకి కొదవలేదు. బూటు చిరిగాక ఆ దుమ్మంతా జాయింట్‌లోకే పోయి గ్రీజుతో కలిసి లోపలి గుండ్లని అరగదీస్తుంది. బూటు చిరిగిన కొత్తలోనే చూస్తే బూటూ గ్రీజుతో పోయే పని అది.

ఇక రెండో బాధ. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా లక్షల కార్లు తిరిగిన మోడల్ కాబట్టి పార్టులు ఇంకా ఉన్నాయి. చిక్కల్లా వెర్షన్లతోనే. పేరు ఒక్కటే అయినా 1986కి ముందు బండి వేరు, తర్వాతది వేరు. కార్బురేటర్‌ది వేరు, ఎంపీఎఫ్ఐ వేరు. నాలుగు గేర్లదా, ఐదు గేర్లదా? "800 జాయింట్ ఇవ్వండి" అంటే షాపువాడు ఏదో ఒకటి ఇస్తాడు. ఛాసిస్ నంబరు, వీలైతే విప్పిన పాత పార్టు చేతిలో పెట్టుకుని వెళ్లాలి.

అనంతపురంలో మాకు సరైనది దొరకలేదు. బెంగుళూరు జేసీ రోడ్డులో మూడో షాపులో దొరికింది. 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. తప్పు పార్టు తెచ్చుకుంటే ఇంకో రోజు, ఇంకో ప్రయాణం. అందుకే అన్నాను, మా దగ్గర శబ్దాన్ని సరిగ్గా వినడం సరదా కాదు, ఖర్చు లెక్క. గుజరీలో సగం ధరకే పాతది దొరికేది, కానీ అరిగిపోయే పార్టు పాతది కొనడమేంటని భాయ్ ఒప్పుకోలేదు. డోరు, అద్దం, లైటు లాంటివైతే గుజరీ బంగారం అన్నాడు. జాయింటు, బూటు, కూలీ కలిపి 18 వేలలో ఐదో వంతు కూడా కాలేదు.

జేసీ రోడ్డుకి పోయే దారిలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 2019 నుంచి అక్కడ కొత్త కార్లు తయారవుతున్నాయి. మా కరువు నేలకి అది మంచిదే, నాకేం గొడవ లేదు. మెకానిక్ భాయ్ కొడుకు కూడా ఇప్పుడు కొత్త కార్లకి స్కానర్ పెట్టడం నేర్చుకుంటున్నాడు. నేర్చుకోవాల్సిందే. కానీ స్కానర్ చెప్పేది సెన్సర్ ఉన్నచోటి సంగతే. అరిగిన జాయింట్‌కీ చిరిగిన బూటుకీ సెన్సర్ లేదు. అక్కడ చెవే దిక్కు. ఆ చెవి తండ్రి దగ్గర్నుంచి ఆ పిల్లాడికి రాకపోతే, రేపు ప్రతి శబ్దానికీ "మొత్తం మార్చాలి" అనే జవాబే మిగుల్తుంది. దాన్ని కట్టలేనివాళ్లు కార్లని అమ్మేసి, పొద్దున బస్సు కోసం నిలబడతారు.

అందుకని పాత కారున్న అమ్మానాన్నలు ఊర్లో ఉంటే ఒక పని చేయండి. పైన చెప్పిన ప్రశ్నలు ఓ కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టండి. మా నాయన మొన్న ఫోన్ చేసి, "ఎడం పక్క ముందర, గుంతలో పడితేనే, బ్రేకు మీద కాలుంటే రాదు" అన్నాడు. మా టీమ్‌లో ఇంత శుభ్రంగా బగ్ రిపోర్ట్ రాసేవాళ్లని నేనింకా చూడలేదు.