నీడ కొలత

ఫిబ్రవరి 28న సైన్స్ డే రోజు మా తొమ్మిదో తరగతిలో నేను కృష్ణబిలం గురించి మాట్లాడాను. "ఎం87 గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం ఫోటో 2019 ఏప్రిల్ 10న విడుదలైంది. దాంతో ఐన్‌స్టైన్ చెప్పింది రుజువైపోయింది" అని ముగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. సైన్స్ సార్ మాత్రం "ఎంత తేడాలోపల రుజువైంది?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. చాలా సిగ్గేసింది.

ఇంటికొచ్చి తీరిగ్గా చదివాను. కృష్ణబిలం కనబడదు. దాని చుట్టూ ఉన్న వేడి వాయువు వెలుగే మనకు కనబడుతుంది. ఆ వెలుగును గురుత్వాకర్షణ వంచేస్తుంది కాబట్టి నడుమ నల్లని నీడ, చుట్టూ వెలుగు వలయం ఏర్పడతాయి. నీడ ఎంత పెద్దదిగా కనబడుతుందో కృష్ణబిలం ద్రవ్యరాశిని, దూరాన్ని బట్టి ఉంటుంది. ఎం87 మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ద్రవ్యరాశిని అక్కడి నక్షత్రాల వేగాలను బట్టి ముందే లెక్కగట్టారు. ఆ రెండూ ఐన్‌స్టైన్ సిద్ధాంతంలో వేస్తే నీడ ఇంత ఉండాలని వస్తుంది. ఫోటోలోని కొలతతో పోలిస్తే సరిపోయింది. కానీ 17 శాతం అటూ ఇటూగా!

మా నాన్న వాషర్‌మెన్‌పేట్ ఎం.సి. రోడ్డులో బట్టల కొట్లో పనిచేస్తారు. ఈ సంగతి చెప్తే పగలబడి నవ్వారు. "మీటరుకి 17 సెంటీమీటర్లా! నేనట్లా కోస్తే సాయంత్రానికే ఇంటికి పంపించేస్తారమ్మా" అన్నారు.

నిజమే. అయితే నాన్న కొలిచేది బల్ల మీది గుడ్డ. ఒక డిగ్రీని 3600 ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ 10 లక్షల ముక్కలు చేస్తే, అలాంటివి 42 కలిపినంతే ఆ వలయం అడ్డకొలత. అందుకే 2017లో చిలీ, స్పెయిన్, హవాయి లాంటి చోట్ల ఉన్న రేడియో టెలిస్కోపులన్నిటినీ ఒకే టెలిస్కోపులాగా వాడుకున్నారు.

ఐన్‌స్టైన్ సిద్ధాంతం కాక వేరే గురుత్వాకర్షణ సిద్ధాంతాలు కూడా ఉన్నాయి. వాటి లెక్కల్లో నీడ వేరే సైజులో రావచ్చు. 2021లో వచ్చిన ఒక పరిశోధన పత్రం అలాంటి చాలా రకాల కృష్ణబిలాలను ఈ నీడతో సరిచూసింది. ఆవేశం బాగా ఎక్కువున్న కొన్ని రకాలకు నీడ మరీ చిన్నదైపోయి లెక్క తప్పింది. 17 శాతంలో ఇమిడినవి ఇంకా బతికే ఉన్నాయి. ఆ పత్రంలో మొదటి పేరు ప్రశాంత్ కొచ్చర్లకోట. మా అవ్వ అది విని "మన తెలుగు ఇంటిపేరే!" అని మురిసిపోయింది.

నా కాయితంలో "రుజువైపోయింది" కొట్టేసి "17 శాతం తేడాలోపల నిలబడింది" అని రాసి సార్‌కి చూపించాను. ఆయన టిక్కు పెట్టి, 2022లో వచ్చిన మన పాలపుంత కృష్ణబిలం ఫోటోకి ఎంతో కనుక్కోమన్నారు. సుమారు 10 శాతం.

"పరవాలేదు, కానీ ఇంకా మా కొట్లోకి రానివ్వం" అన్నారు నాన్న.