నిదానము

నిదానమను మాటకు మనలో రెండర్థములు కలవు. వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట నిదానము. మాధవకరుని గ్రంథమునకు మాధవనిదానమను పేరు అందువలననే వచ్చినది. లోకవ్యవహారమున తొందరపడకుండుట నిదానము. బాల్యమున మా తండ్రిగారు ఇంటివద్ద నాకా గ్రంథమును చెప్పునప్పుడు, ఈ రెండర్థములు ఒక్క మాటలో ఎట్లు కుదిరినవో నాకు తెలియలేదు. గడచిన వేసవిలో మా యింటి పాత కారు నాకు దానిని తెలిపినది.

మాది అనంతపురము. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గతియైన మెట్టసీమ. మా మామగారు 1985లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పటికిని మా యింట నున్నది. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాపై బొంబాయిలో తయారై, 1974 నుండి పద్మిని యను పేరుతో అమ్ముడైన బండి యిది. దీని నిర్మాణమాగి ఇరువదియేండ్లు దాటినది. పద్మిని యనగా తామరకొలను. చెరువులెండిన సీమలో తామరకొలను తిరుగుచున్నదని మామగారు నవ్వుచుండెడివారు. మా వీథిలో ఎవరికి పురిటినొప్పులు వచ్చినను ఆ బండియే ఆసుపత్రికి పోయెడిది. ఆయన పోయి ఆరేండ్లైనను, అత్తగారు ప్రతి శుక్రవారము దాని అద్దములను స్వయముగా తుడిచెదరు.

వైశాఖమాసమున అత్తగారిని వారి చెల్లెలి యింటినుండి తీసికొని కళ్యాణదుర్గపు దారిని వచ్చుచుంటిమి. మిట్టమధ్యాహ్నము. గొఱ్ఱెల మంద అడ్డము రాగా మావారు బండి నాపిరి. ఇంజను మెల్లగా తిరుగుచుండగా ఎదుట ఎఱ్ఱదీపము మినుకుమినుకుమన్నది. మంద తొలగి వేగము పెంచగానే ఆరినది. ఆరినది గదా యని మేము ఇరువది కిలోమీటర్లు సాగి యిల్లు చేరితిమి. అది మేము చేసిన తప్పు. ఆ దీపము ఆయిలు ఒత్తిడి పడిపోయినదని చెప్పు దీపము. అది వెలిగినచో బండిని ప్రక్కకు తీసి, ఇంజను నాపవలెను. అక్కడ నిదానము పనికిరాదు.

మరునాడు మేస్త్రి షెడ్డునుండి వచ్చి చూచినాడు. "ఆయిలు నిండుగా ఉందమ్మా. అయినా వేడెక్కితే లైటు వెలుగుతోందంటే బేరింగులు అరిగినట్టే. ఇంజను దించాల్సిందే" అన్నాడు. అతడు చెప్పిన ఖర్చు మావారి రెండు నెలల జీతము. పిల్లల చదువులున్నవి, అద్దె యున్నది. మావారు పాతయినుము కొనువానితో మాటలాడి వచ్చిరి. అత్తగారు ఏమియు ననలేదు. ఆ శుక్రవారము మాత్రము అద్దములు తుడువలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒత్తిడి యనగా నేమో తెలిసికొనక తీర్పు చెప్పరాదనిపించినది. మావారి పుస్తకములు చూచి, ఆయనను ప్రశ్నించి గ్రహించినది చెప్పెదను.

మన సీమలో చీనీతోటలకు డ్రిప్పు గొట్టములు వేయుట మీరెఱుగుదురు. ఇంజను అడుగున చాంబరను తొట్టిలో ఆయిలుండును. పంపు దానిని పీల్చి, సన్నని దారులగుండ తిరుగు భాగములకు పంపును. తోటలో చివరిచెట్టునకు నీరందకున్న కారణమేమి? బోరులో నీరు తగ్గి మోటారు గాలి పీల్చవచ్చును. చాంబరులో ఆయిలు తగ్గుట అట్టిది. జల్లెడకు మట్టి పట్టవచ్చును. మోటారే అరిగిపోవచ్చును. మిగులు నీటిని మరల్చు వాల్వు మూతపడక నిలిచిపోవచ్చును. ఇంజనులోను అట్టి వాల్వు కలదు. గొట్టపు రంధ్రములు పెద్దవై నీరు ముందే కారిపోవచ్చును; బేరింగులు అరుగుట యిదియే. ఇవన్నియు గాక, ఆయిలే పలుచబడిన నిలుకడలేక సందులనుండి జారిపోవును. వేడికి ఆయిలు పలుచబడును గనుకనే మా దీపము మిట్టమధ్యాహ్నము, అదియు పంపు మెల్లగా తిరుగునప్పుడు వెలిగినది. తుదకు, ఏ దోషమును లేక దీపమునకు సంబంధించిన మీటయే చెడియుండవచ్చును.

పొగను చూచి నిప్పు నూహించుట తర్కమున ప్రసిద్ధమైన దృష్టాంతము. దుమ్మును పొగ యనుకొని నిప్పున్నదనుట హేత్వాభాసము. మేస్త్రి ఊహ అసంభవము కాదు. కాని యిన్ని కారణములలో అది యొకటి, అన్నింటికంటె ఖర్చుగలది. ఖర్చులేని పరీక్షలు ముందును, ఇంజను విప్పుట చివరను ఉండవలెను గదా!

తెల్లవారుజామున, బండి సమతలమున చల్లగా నున్నప్పుడు, ఆయిలు కొలుచు పుల్లను తీసి తుడిచి మరల ముంచి చూచితిని. ఆయిలు పైగీతకు వ్రేలెడు పైన నున్నది. మేస్త్రి నిండుగా నున్నదనుట నిజమే. కాని నా లెక్కల పుస్తకములో ఉగాది ముందునాడు ఆయిలు మార్పించి పైగీతవఱకు పోయించినట్లు వ్రాసియున్నది. అటుపై ఒక్క చుక్కయు పోయలేదు. ముసలి ఇంజనులో ఆయిలు తగ్గవలెను గాని పెరుగుటెట్లు?

నీరు చేరినచో అది మజ్జిగవలె తెల్లబారును. ఇది నల్లగానే యున్నది. వ్రేళ్ళనడుమ రాచితిని. జిగురు లేక కాచిన నేయివలె జారినది. ముక్కుదగ్గర పెట్టుకొంటిని. వేరుసెనగ నూనెలో కల్తీని వాసనతో పట్టు ముక్కు గదా! అది పెట్రోలు వాసన.

మావారిని లేపి చూపితిని. మేస్త్రిని మరల పిలిచితిమి. అతడు పుల్లను వాసన చూచి కొంతసేపు మాటలాడలేదు. పిదప, "పెట్రోలేనమ్మా. ఇంజను తిప్పొద్దు, ఆవిరికి అంటుకొనే ప్రమాదముంది" అని తానే చెప్పి, ఇంజను ప్రక్కనున్న పెట్రోలు పంపును విప్పినాడు. లోని డయాఫ్రమను పలుచని పొర చినిగి, పెట్రోలు చాంబరులోనికి కారుచున్నది. నిండుగా కనబడినదంతయు కల్తీయే. పొర మార్చి, పాత ఆయిలు తీసివేసి, 20డబ్ల్యూ-50 రకపు క్రొత్త ఆయిలు పోసినాడు.

అంతటితో తృప్తిపడరాదని మీట విప్పి, దాని స్థానమున అంకెలుచూపు గేజి బిగింపించితిమి. దీపము అవుననియో కాదనియో మాత్రమే చెప్పును. ఎంత యనునది గేజి చెప్పును. ఇంజను బాగుగా వేడెక్కినపిమ్మట, నిలిచి తిరుగునప్పుడు 12 పౌండ్లు, దారిలో వేగముగా పోవునప్పుడు 40 పౌండ్లు చూపినది. ప్రతి వేయిచుట్లకు పదిపౌండ్లున్న చాలునని పనివారి మోటులెక్క. కావున ఇంజను విప్పనక్కఱలేదు. బేరింగులు కొంత అరిగియే యున్నవని మేస్త్రి యనుచున్నాడు. అది వయస్సుచేతనో, మేము పలుచని ఆయిలుతో నడపిన ఆ ఇరువది కిలోమీటర్లచేతనో ఎవరు చెప్పగలరు?

ఒత్తిడి హెచ్చైనను మంచిది కాదు. చలికాలపు ప్రొద్దున ఆయిలు చిక్కగా నుండి ముల్లు పైకి పోయి, వేడెక్కిన దిగిన భయము లేదు. వేడెక్కినను దిగకున్నచో ఆయిలు తగనంత చిక్కనిదో, మిగులు ఆయిలును మరల్చు వాల్వు మూసికొని పోయినదో, గేజియే చెడినదో చూడవలెను. ఉపేక్షించినచో ఫిల్టరు మూతవద్ద ఆయిలు చిమ్మవచ్చును.

సోదరీమణులారా! మీ యింట పాతబండి యున్నచో లెక్కల పుస్తకములో దాని కొక పుట కేటాయింపుడు. ఆయిలు మార్చిన దినము, పుల్లపై దాని మట్టము, గేజి యున్న వేడిమీద చూపు అంకెలు వ్రాసియుంచుడు. నాటి ఒక్క వరుస మా పుస్తకములో లేకున్న, ఆయిలు పెరిగినదని నాకు తెలిసెడిది కాదు. పద్మిని ఇనుపముక్కలుగా పోయియుండెడిది.

మరుసటి శుక్రవారము నేను కాఫీ తీసికొని వాకిటికి పోవుసరికి అత్తగారు అప్పటికే ముందటి అద్దము తుడిచి, రెండవ ప్రక్కకు పోవుచుండిరి.