బీరువా పక్క సందులో ఓవర్‌క్లాకింగ్

మా ఇంట్లో కూలర్ అంటే ఒక్కటే. కిటికీ బయట ఇనుప స్టాండు మీద, గడ్డి పరదాలతో, మార్చి నుంచి జూన్ దాకా బడబడమంటూ తిరిగేది. అందుకే "కూలర్ కొనాలమ్మా" అనగానే అమ్మ "ఉన్నదానికేమైందిరా?" అంది. ప్రాసెసర్‌కి కూడా ఒకటి ఉంటుందని, దానికోసమే రెండు వారాలుగా స్కేలు పట్టుకుని తిరుగుతున్నానని చెప్తే నమ్మలేదు.

మాది మేడ్చల్. పై అంతస్తులో రెండు గదులు. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా. రాత్రి పెళ్లయితే తెల్లారేసరికి ఫుటేజీ నా దగ్గరికొస్తుంది, సాయంత్రానికల్లా హైలైట్స్ వెళ్లిపోవాలి. నాన్నది శామీర్‌పేట అవతల ఓ ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టు. పొద్దున ఎనిమిదింటికి కంపెనీ బస్సు దింపుతుంది. టిఫిన్ చేసి పడుకుంటే మధ్యాహ్నం మూడు దాకా అదే ఆయన రాత్రి. నా టేబులూ ఆయన మంచమూ ఒకే గదిలో ఉంటాయి. అంటే నా కంప్యూటర్ గట్టిగా పనిచేసే టైమూ, నాన్న పడుకునే టైమూ ఒక్కటే.

ప్రాసెసర్ రైజెన్ 5 5600. డబ్బాతో పాటు వచ్చిన చిన్న కూలర్‌తోనే నెట్టుకొచ్చా. ఏప్రిల్ వచ్చేసరికి ఎక్స్‌పోర్ట్ కొట్టగానే ఖాళీ మిక్సీ తిరిగినట్టు మోత. ఓ రోజు అమ్మ వంటింట్లో మెల్లగా అంది: "మీ నాయినకు నిద్ర పడ్తలేదురా, ఆ డబ్బా సప్పుడుకు. మొన్న డ్యూటీల మిషిన్ కాడనే కునుకొచ్చిందంట." నాన్న మాత్రం నాతో ఒక్క మాట అనలేదు. రాత్రంతా రియాక్టర్ల మధ్య తిరిగే మనిషికి కునుకు రావడం చిన్న సంగతి కాదు.

ఇటు చూస్తే పెళ్లిళ్ల సీజన్. ఆర్డర్లు పెరిగాయి, స్పీడ్ కావాలి. కొంచెం ఓవర్‌క్లాక్ చేద్దామంటే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మోత పెరుగుతుంది.

కూలర్ల రివ్యూలు చాలా చూశా. అవి చూసేటప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి కూలర్ ఏదైనా ప్రాసెసర్‌ని గది వేడి కంటే కిందికి దించలేదు. రివ్యూలో గది 22 డిగ్రీలు, ప్రాసెసర్ 72 అంటే అసలు తేడా 50. అదే కూలర్‌ని మే నెలలో మా స్లాబు కింద 40 డిగ్రీల గదిలో పెడితే నేరుగా 90. ఈ ప్రాసెసర్‌కి ఏఎమ్‌డీ పెట్టిన గరిష్ఠ హద్దు కూడా 90 డిగ్రీలే. అక్కడికి చేరితే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో తీసిన మార్కులు మన గదికి పనికిరావు. ఆ తేడాని మన గది వేడికి కలుపుకోవాల్సిందే.

రెండో తలనొప్పి క్యాబినెట్. పేరుకి మైక్రో ఏటీఎక్స్ గానీ సన్నగా ఉంటుంది, వెడల్పు పదిహేడున్నర సెంటీమీటర్లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్తే షాపన్న పెద్ద క్యాబినెట్ చూపించాడు. "తమ్మీ, గా డబ్బా తీసెయ్. గిది వెట్టు, ఏ కూలరైనా పడ్తది." బీరువాకీ గోడకీ మధ్య సందు 19 సెంటీమీటర్లే. "అన్నా, క్యాబినెట్ మారాలంటే ముందు బీరువా మారాలె" అంటే పడీపడీ నవ్వాడు.

కొలత ఎలా తీశానో చెప్తా, మీకూ పనికొస్తుంది. పాత కూలర్ ఎత్తు 54 మిల్లీమీటర్లు. సైడ్ డోర్ తీసి, క్యాబినెట్ అంచు మీద అడ్డంగా ఓ స్కేలు పెట్టి, అక్కణ్నుంచి కూలర్ పైభాగం దాకా కొలిస్తే 78. మొత్తం 132. అందరూ చెప్పే 120 మిల్లీమీటర్ల ఫ్యాను టవర్లు ఇక్కడే ఎగిరిపోయాయి. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155, కూలర్ మాస్టర్ హైపర్ 212 దాదాపు 159. డోర్ మూసుకోదు. వాటర్ కూలర్ రేడియేటర్‌కి పైన జాగా లేదు.

మిగిలినవి రెండు రకాలు. బోర్డు మీదకి గాలి ఊదే పొట్టివి ఒకటి, 92 మిల్లీమీటర్ల ఫ్యానుతో చిన్న టవర్లు ఇంకోటి. పొట్టివాటికి సైడ్ డోర్‌లో ఫ్యానుకి ఎదురుగా రంధ్రాలుండాలి, లేకపోతే తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. నా డోర్ సాదా రేకు. చిన్న టవరైతే ముందు నుంచి వచ్చే గాలిని తీసుకుని వెనక ఫ్యానుకి అందిస్తుంది. సన్న డబ్బాలో గాలికి ఒకే దారి ఉంటే మంచిది. కొనేముందు ఒకటి చూసుకోండి. ఏఎమ్4 బోర్డుల మీద కొన్ని కూలర్లు పైకి మాత్రమే తిరిగి కూర్చుంటాయి, అప్పుడు ఈ దారి తెగిపోతుంది.

శామీర్‌పేటలో హాస్టల్‌లో ఉండే దోస్తుది ఇంకా చిన్న డబ్బా. వాడికి ఖాళీ 42 మిల్లీమీటర్లే. 37 మిల్లీమీటర్ల నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ పడుతుంది గానీ, ఓవర్‌క్లాకింగ్‌కి దీన్ని వాడొద్దని ఆ కంపెనీయే చెప్తుంది. వాడు ఎకో మోడ్ పెట్టుకుని ఊరుకున్నాడు, గేముల్లో తేడా తెలియట్లేదట. తెలివైనవాడు.

డబ్బులు పెట్టే ముందు ఒక పరీక్ష చేశా. డోర్ తీసి ఎక్స్‌పోర్ట్ పెట్టా. 90 దగ్గర కొట్టుకునేది 83కి దిగింది. కూలర్ ఒక్కటే కాదు, క్యాబినెట్ కూడా ఊపిరాడక ఉందన్నమాట. ముందు ఫిల్టర్ ఊడదీస్తే దుమ్ము బొంతలా వచ్చింది. కడిగి పెట్టి, వెనకాల ఒక ఫ్యాన్ వేశా. తర్వాతే కూలర్ కొన్నా. డీప్‌కూల్ ఏజీ300, ఎత్తు 129 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లు మిగిలాయి. నోక్టువా ఎన్‌హెచ్-యూ9ఎస్ 125తో ఇంకా హాయిగా పట్టేది గానీ, దాని ధర చూసి ఫోన్ లాక్ చేసి జేబులో పెట్టుకున్నా.

ఇక ఓవర్‌క్లాకింగ్. చాలామంది వోల్టేజీ పెంచడంతో మొదలుపెడతారు. నేను తగ్గించడంతో మొదలుపెట్టా. చిప్ తినే కరెంటు వోల్టేజీకి వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 నుంచి 1.3 వోల్టులకు వెళ్తే, స్పీడు అంతే ఉన్నా, దాదాపు 17 శాతం ఎక్కువ వేడి. అందుకే బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 15, బూస్ట్ ప్లస్ 100 మెగాహెర్ట్జ్ పెట్టి, పవర్ లిమిట్‌ని కంపెనీ ఇచ్చిన 76 వాట్ల దగ్గరే వదిలేశా. మైనస్ 25 పెడితే ఎక్స్‌పోర్ట్ బాగానే నడిచింది గానీ ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయింది. ఈ సెట్టింగ్ తేడా కొడితే ఎక్కువగా అలాగే బయటపడుతుంది, బెంచ్‌మార్క్ నడిచిందని సంబరపడొద్దు. ఇంకోటి, ఓవర్‌క్లాకింగ్ వల్ల ఏదైనా పాడైతే వారంటీ వర్తించదని ఏఎమ్‌డీ ముందే చెప్తోంది. నేను లెక్క వేసుకునే దిగా.

ఫ్యాన్‌ని మాత్రం స్పీడు కోసం కాదు, చెవి కోసం సెట్ చేశా. డోర్ వేసి, నాన్న మంచం మీద నేను పడుకుని, ఎన్ని తిరుగుళ్ల దగ్గర మోత మొదలవుతుందో విన్నా. 1500 దాటితే వినిపిస్తోంది. అక్కడ తాళం వేశా. ఒక్కసారిగా లేచిపడే మోతే నిద్ర చెడగొడుతుంది కాబట్టి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగేలా పెట్టా. మధ్యాహ్నం పూట 84 డిగ్రీల దగ్గర ఆగుతోంది. ఆ లిమిట్ లేకపోతే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, నాకక్కర్లేదు. అన్ని కోర్లూ 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడుతున్నాయి. ఇదివరకు వేడికి జారిపోయి 3.9 దగ్గర ఆడేవి. యాభై రెండు నిమిషాలు పట్టే ఎక్స్‌పోర్ట్ నలభై ఆరులో అవుతోంది.

పెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం రెండున్నరకి నాన్న లేచి, మంచం మీదే కూర్చుని నా వైపు చూసి అడిగాడు: "ఇయ్యాల పని లేదారా?"

అప్పుడు ఎక్స్‌పోర్ట్ అరవై శాతంలో ఉంది.

హైవే పక్కన ఇల్లు కాబట్టి లారీల దుమ్ముకి రెండు వారాలకే ఫిల్టర్ నిండిపోతోంది. నిండిన రోజు 84 కాస్తా 87 అవుతుంది, దాన్నిబట్టే నాకు తెలుస్తుంది. నిన్న 86 చూపించింది. ఆదివారం కడగాలి.