ముల్లు కిందకి పడితే చల్లబడినట్టు కాదు



మా పాత డీజిల్ పికప్‌కి రెండు మీటర్లు బిగించాను. ఒకటి ఇంజిన్ వేడిది, ఇంకోటి ఆయిల్ ప్రెషర్‌ది. "ముసలి బండికి ముస్తాబేటి బావా" అని మా బామ్మర్ది నవ్వాడు. ఎందుకు పెట్టానో రాస్తున్నాను. పాత బండ్లు ఉన్నవాళ్లకి పనికొస్తాది.

పోయిన వేసవిలో కూరగాయలు లేని రోజుల్లో ఒక కిరాయి ఒప్పుకున్నాను. ఎస్.కోట నుంచి అనంతగిరికి సిమెంటు బస్తాలు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుంటే బండిలో వేడి ముల్లు ఎరుపు దాకా పోయింది. ఆపుదామంటే అన్నీ మలుపులు, వెనక బస్సు హారన్ కొడుతున్నాడు. ఇంకో మలుపు, ఇంకో మలుపు అనుకుంటుండగా ముల్లు గబుక్కున కిందకి దిగిపోయింది. హమ్మయ్య, చల్లబడింది అనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు లాగించేశాను. ఆ రెండు కిలోమీటర్లే కొంప ముంచాయి.

జరిగింది ఏటంటే, నేను మార్చకుండా నెట్టుకొస్తున్న పాత హోస్ పైపు పగిలి రేడియేటర్ నీళ్లన్నీ పోయాయి. వేడి కొలిచే బల్బు నీళ్లలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెప్తుంది. నీళ్లు పోయాక దానికి తగిలేది ఉత్త గాలీ ఆవిరీ. అందుకే ముల్లు పడిపోయింది, లోపల ఇంజిన్ కాలిపోతూనే ఉంది. హెడ్ వంగింది, గ్యాస్‌కెట్ పోయింది. లేత్ పని, సామాన్లు, బండి లాక్కొచ్చిన కిరాయి కలిపి 34 వేలు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాం.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటుంది. బోరు దగ్గర స్టార్టరు డబ్బా మీద ఆంప్స్ ముల్లు ఉన్నట్టుండి తగ్గితే మనమేం చేస్తాం? నీరు అయిపోయింది, మోటారు ఖాళీగా తిరుగుతోందని పరిగెత్తి ఆపేస్తాం. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. బండిలో కూర్చున్నాక అదే బుద్ధి నాకు రాలేదు.

హెడ్ బిగించిన రోజు మా మేస్త్రి అన్నాడు: "తమ్ముడూ, నీ బండిలో ముల్లు సగంలో ఉంటాది. సగమంటే ఎంతో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అంకెలున్న మీటరు పెట్టుకో. ఆయిల్‌కైతే ఒట్టి లైటే ఉంది. అది వెలిగేసరికి బేరింగులు అరిగిపోతాయి." నిజమే. ఆ లైటు మామూలుగా ప్రెషర్ అర కేజీ కిందకి పడితేగాని వెలగదు. మూడు కేజీల దగ్గర ఉండాల్సింది ఒక కేజీకి పడినా అది నోరెత్తదు.

మీటర్లు, పైపు, అడాప్టర్లు కలిపి 2,600 అయ్యింది. ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని బిగించాం. ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేశాం. ఆయిల్ లైటు స్విచ్ విప్పి ఆ రంధ్రానికి టీ జాయింట్ వేశాం. ఒక కొమ్ముకి పాత స్విచ్, ఒక కొమ్ముకి మీటరు పైపు. అంటే పాత లైటూ పనిచేస్తుంది. నేను రాగి పైపుని నిటారుగా బిగించి లాగాను. మేస్త్రి విప్పించాడు. ఇంజిన్ ఊగుతుంది, క్యాబిన్ ఊగదు, నిటారు పైపు కొన్నాళ్లకి తెగి వేడి ఆయిల్ కాళ్ల మీద పడుతుందన్నాడు. రెండు చుట్లు వదులుగా చుట్టి, రేకు రంధ్రంలో రబ్బరు వాషరు పెట్టి లోపలికి తెచ్చాం.

వేడి బల్బుకి హెడ్‌లో ఖాళీ రంధ్రం ఉంటే అక్కడే మేలు. నా బండికి లేదు, అందుకని రేడియేటర్ పై హోస్ కోసి మధ్యలో అడాప్టరు పెట్టాం. మీరు వైరుతో నడిచే మీటరు కొంటే ఒక జాగ్రత్త. దాని సెన్సార్‌కి చాలావరకు ఎర్త్ మరల ద్వారానే అందుతుంది. టెఫ్లాన్ టేపు మందంగా చుట్టేస్తే లెక్క తప్పు చూపిస్తుంది. హోస్‌లో పెడితే రబ్బరు మధ్య ఉంటుంది కాబట్టి అడాప్టరుకి విడిగా ఎర్త్ వైరు లాగాలి.

తర్వాత పది రోజులు నేను చేసిందల్లా అంకెలు రాసుకోవడమే. లోడుతో కొత్తవలస నుంచి పెందుర్తి మీదుగా గోపాలపట్నం రైతుబజారుకి వెళ్తే 84 నుంచి 88 డిగ్రీలు. ఎండలో ఎత్తు ఎక్కితే 96. ఆయిల్ నడకలో 3 కేజీలు పైన, ఇంజిన్ బాగా కాగాక స్లో మీద 1.2. అట్ట మీద రాసి సన్ వైజర్‌కి అంటించాను. మీ బండి అంకెలు వేరే ఉంటాయి, మీవి మీరే రాసుకోవాలి.

ఆ అట్ట గత నెలలో పనికొచ్చింది. తెల్లారి మూడింటికి వంకాయలు వేసుకుని మావాడు బజారుకి వెళ్లాడు, పక్కన వాళ్లమ్మ. అక్కడి నుంచి ఫోన్: "నాన్నా, స్లో మీద 0.7 చూపిస్తోంది. లైటు వెలగలేదు. వచ్చీమంటావా?" ఇంజిన్ ఆపి ఆయిల్ గేజి తియ్యమన్నాను. ఆయిల్ తగ్గలేదు సరికదా, గీత దాటి పైకి ఉంది, డీజిల్ వాసన. పంపు సీల్ పోయి డీజిల్ ఛాంబర్‌లోకి దిగుతోంది, ఆయిల్ నీళ్లలా పల్చబడింది. బండి అక్కడే వదిలి సరుకు అమ్ముకుని బస్సులో వచ్చేశారు. సీలు, కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి బండి ఇంటికి తెచ్చుకున్నాం. అలాగే నడుపుకొచ్చి ఉంటే ఈసారి క్రాంక్ పోయేది, పెట్టడానికి ఇంట్లో గాజులు కూడా లేవు.

రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. వేడి ముల్లు మెల్లగా ఎక్కితే లోడు తగ్గించి, పక్కకి ఆపి చూడండి. ఎక్కిన ముల్లు ఒక్కసారి పడిపోతే మాత్రం ఎక్కడున్నా ఇంజిన్ ఆపెయ్యండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకండి. ప్రెషర్ మూత కింద నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీస్తే ఒక్కసారిగా మొహం మీదకి చిమ్ముతుంది.

గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. సంక్రాంతికి విడిపిస్తానని చెప్పాను. పైపు ఎలా లాగామో చూడాలనుకున్నవాళ్లు ఆదివారం రండి, ఇంటి దగ్గరే ఉంటాను.