చెంబెడు నీళ్ల కోసం

డిశ్చార్జి కాగితంలో స్నానం గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క: ‘కట్టు తడవకూడదు.’ ప్రొస్టేట్ కేన్సర్ గడ్డ మూత్రనాళాన్ని మూసేయడంతో నాన్నకు వీపు వైపు నుంచి కిడ్నీలోకి గొట్టం వేశారు. దాని చివర మూత్రం చేరే సంచి. నెఫ్రాస్టమీ అంటారు దీన్ని. నెలల తరబడి ఉంచుకోవలసిందే. మరి అన్నాళ్లూ స్నానం?

తెల్లవారకముందే తల మీద నీళ్లు పోసుకోవడం నాన్నకు చిన్నప్పటి అలవాటు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే మొహం పక్కకు తిప్పుకునేవారు. పదో రోజున, “ఇలా వాసనేస్తూ ఎన్నాళ్లమ్మా?” అన్నారు. తట్టుకోలేకపోయాను. కిరాణా కవరు కత్తిరించి, పార్సిళ్లకు వేసే టేపుతో వీపుకు అంటించి, బకెట్ ముందు కూర్చోబెట్టాను. ఆయన మొహంలో వెలుగు చూసి మురిసిపోయాను. పైఅంచు నుంచి లోపలికి నీరు దిగిందని, ఆ తడికట్టు రాత్రంతా అలాగే ఉందని మర్నాడు గానీ గమనించలేదు. మూడో రోజు చలిజ్వరం. మళ్లీ ఆస్పత్రి. తడే కారణమని డాక్టర్ తేల్చి చెప్పలేదు. నాకు మాత్రం అపరాధభావం పోలేదు.

అక్కడో సిస్టర్ ఐదు నిమిషాల్లో అంతా నేర్పారు. ముందు సంచి ఖాళీ చేసి, గొట్టం లాగకుండా దాన్ని నడుము కంటే కిందే ఉంచాలి. కట్టు చుట్టూ చర్మం పొడిగా తుడవాలి. నూనె, పౌడరు ఉంటే టేపు పట్టదు. కట్టు మొత్తం కప్పేలా పలుచని ప్లాస్టిక్ పొర పరిచి, నాలుగు వైపులా మందుల షాపులో దొరికే వాటర్‌ప్రూఫ్ టేపు వేయాలి. పైఅంచు దగ్గర మరింత జాగ్రత్త. స్టూలు మీద కూర్చోబెట్టి మగ్గుతో ముందువైపే నీళ్లు పోయాలి. తల ముందుకు వంచి విడిగా కడగాలి. వీపుకు తడిగుడ్డే. తొట్టిలో, చెరువులో మునగడం కుదరదు. స్నానం కాగానే పొర తీసేయాలి, లేకుంటే లోపలి చెమటే కట్టును తడిపేస్తుంది. ఏమాత్రం తడిసినా వెంటనే కట్టు మార్చాలి. చలిజ్వరం వచ్చినా, సంచిలోకి మూత్రం రావడం ఆగినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రావాలి.

ఇంటికొచ్చాక తొలి స్నానం. పొర తీసి కట్టు తడిమి చూశాను. పొడిగానే ఉంది. తువ్వాలు భుజాన వేసుకుని, “ఇప్పుడు మనిషినయ్యాను” అన్నారు నాన్న.

గొట్టం వేయడానికి గంట కూడా పట్టలేదు. దాంతో ఎలా బతకాలో నేర్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు మాకు మొదటి రోజే దక్కి ఉంటే!