పదడుగుల గదిలో 114 హెర్ట్జ్

వాస్తు పేరెత్తితే నవ్వే మన మిత్రులు కొందరు స్పీకర్ల దగ్గరికొచ్చేసరికి భక్తులైపోతారు. వైరు మారిస్తే గాత్రం "విచ్చుకుంటుంది" అంటారు. కొత్త స్పీకరు వంద గంటలు మోగితే గానీ "పండదు" అంటారు. ఎలా తెలిసిందండీ అని అడిగితే "నా చెవులకి తెలుసు" అంటారు. విభూతి మహిమ గురించి భక్తుడు చెప్పే సాక్ష్యం కూడా ఇంతే కదా!

ఈ గొడవ నాకెందుకు పట్టిందో చెబుతాను. మా సంఘం సమావేశాల్లో 1980ల చివర, 90లలో రికార్డు చేసిన 41 కేసెట్లు ఒక రేకు పెట్టెలో ఉండిపోయాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని నేను తీసుకున్నాను. ఆ గొంతుల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఒక పెద్దాయన చేతబడి మీద గంటన్నర మాట్లాడారు. ఆయన ఏదీ కాగితం మీద రాసుకునేవారు కాదు. టేపు పోతే ఆ ప్రసంగం పోయినట్టే. ఈ పని కోసమే ఒక జత స్టూడియో మానిటర్ స్పీకర్లు కొని చిన్న గదిలో పెట్టాను. వచ్చి విన్న మిత్రుడు ఐదు నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు: "టేపు పోయిందండీ. మాటలన్నీ కలిసిపోతున్నాయి. పారేయండి."

టేపు, డెక్కు, వైరు, స్పీకరు, గది - ఇంతమంది అనుమానితులుంటే విచారణ లేకుండా ఒకరికే శిక్షా? ముప్పై ఏళ్లు లెక్కలు తనిఖీ చేసినవాడిని, వోచరు చూడకుండా ఎంట్రీ కొట్టేయడం నావల్ల కాదు. అదే ఫైలు హెడ్‌ఫోన్లో విన్నాను. హెడ్‌ఫోన్‌కి గది ఉండదు. బుస్సుమనే శబ్దం ఉంది గానీ మాట మాటా తెలిసింది. అంటే టేపూ డెక్కూ నిర్దోషులు. తర్వాత రాత్రిపూట వీధి సద్దుమణిగాక స్పీకర్లనీ అవే వైర్లనీ డాబా మీదికి మోయించి అదే ఫైలు పెట్టాను. అక్కడా మాటలు స్పష్టంగానే ఉన్నాయి. ఇక మిగిలింది గది.

మా గది పొడవు పదడుగులు, వెడల్పు పది, ఎత్తు కూడా పదే. ధ్వనికి ఇంతకంటే చెడ్డ ఆకారం దొరకడం కష్టం. మన 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 349 మీటర్లు. పదడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య స్థిర తరంగం ఏర్పడాలంటే సగం తరంగదైర్ఘ్యం ఆ దూరానికి సరిపోవాలి. 349ని 6.1తో భాగించండి, 57 హెర్ట్జ్ వస్తుంది. తర్వాతది దానికి రెట్టింపు, 114. మగవాళ్లు మాట్లాడేటప్పుడు గొంతు మూల పౌనఃపున్యం సుమారు 85 నుంచి 155 మధ్య ఉంటుంది. అంటే 114 సరిగ్గా వక్త గొంతు నడిమధ్యన పడింది! మూడు కొలతలూ సమానం కాబట్టి రెండు జతల గోడలూ, నేలా కప్పూ కలిసి ఆ ఒక్క స్వరానికే వంత పాడతాయి. పెద్దాయన "మూఢ" అనగానే గది ఖాళీ బిందెలా మోగుతుంది, ఆ హోరు తర్వాతి హల్లుని మింగేస్తుంది.

నా మాట నమ్మనక్కర్లేదు. కంప్యూటర్లో 114 హెర్ట్జ్ స్వరాన్ని సన్నగా పెట్టి, ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా నడవండి (మీ గది కొలత వేరైతే మీ సంఖ్య వేరు). గోడ దగ్గర గట్టిగా ఉంటుంది, పావు దూరంలో బాగా తగ్గిపోతుంది, నడుమకొస్తే మళ్లీ పెరుగుతుంది. ఖర్చు సున్నా.

ఇంట్లోవాళ్ల సలహా ఇంకోటి. స్పీకర్లు కరెంటు వస్తువులు, కరెంటు అగ్ని, కాబట్టి ఆగ్నేయ మూలన పెట్టాలని! గదిలో ఉన్న స్థిర తరంగాలన్నిటికీ పీడనం అత్యధికంగా ఉండేది మూలల్లోనే. మూలన పెట్టిన స్పీకరు వాటన్నిటినీ ఒకేసారి నిద్రలేపుతుంది. ఈశాన్యమైనా నైరుతైనా అంతే. ఈ పనికి దిక్సూచి అక్కర్లేదు, కొలత టేపు చాలు.

కొలత టేపుతోనే పెట్టాను. రెండు స్పీకర్లూ వాటి పక్క గోడలకి రెండున్నర అడుగుల దూరంలో. వెడల్పులో పావు వంతన్నమాట, 114కి అక్కడ పట్టు దొరకదు. ఒకే గొంతు రెండు స్పీకర్లలోంచీ సమానంగా వస్తోంది కాబట్టి వెడల్పువైపు 57 కూడా తనలో తాను కొట్టుకుపోతుంది. నా కుర్చీ వెనక గోడకి రెండున్నర అడుగులు ముందు. ట్వీటరు చెవి ఎత్తులో, ముఖం నావైపు. స్పీకర్లు ముందు గోడకి దగ్గరగా ఉన్నాయి కాబట్టి వాటి వెనకున్న స్విచ్చితో బాస్ తగ్గించాను. వంద రూపాయల ఖర్చు కూడా లేదు.

కోడిగుడ్ల అట్టలు అంటించమన్నారు. రెండంగుళాల స్పాంజి కొనమన్నారు. 57 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్ల పైమాటే, దానికి రెండంగుళాల స్పాంజి అసలు ఆనదు. పైగా స్పాంజి హెచ్చు స్వరాల్నే తినేసి గదిని ఇంకా ముద్దగా చేస్తుంది. రెండు పాత దూది పరుపులు చుట్టి మూలల్లో నిలబెట్టాను, గొంతు చుట్టూ ఉన్న ప్రతిధ్వని కొంత తగ్గింది. నేలకీ కప్పుకీ మధ్య మిగిలిన 114ని సాఫ్ట్‌వేర్లో కాస్త కోశాను. ఆ కోత నా కుర్చీ ఒక్కదానికే చెల్లుతుంది.

యాక్టివ్ స్పీకరులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆంప్లిఫయర్ పెట్టెలోనే ఉంటుంది. చాలావాటిలో వూఫరుకొకటి, ట్వీటరుకొకటి. దాంతో ఖరీదైన స్పీకరు వైర్ల బేరానికి తావే లేదు. 1963లో కోవూర్ లక్ష సిలోన్ రూపాయల సవాలు విసిరినట్టే, 2007లో జేమ్స్ రాండీ తన పది లక్షల డాలర్ల సవాలును ఏడువేల డాలర్లు దాటిన ఒక స్పీకరు కేబులు దాకా చాచాడు: మామూలు మంచి వైరుకీ దానికీ తేడా, ఏది ఏదో తెలియకుండా, విని చెప్పండి అని. ఆ పరీక్ష జరగనే లేదు. మా మిత్రుడికీ అదే చెప్పాను. రెండు వైర్లకీ శబ్దం స్థాయి సమానం చేద్దాం (కొంచెం గట్టిగా ఉన్నదే చెవికి మేలనిపిస్తుంది), 16 సార్లు వినండి, 12 సార్లు సరిగ్గా చెబితే ఒప్పుకుంటాను. ఊరికే బొమ్మా బొరుసూ వేసినా అన్ని ఒప్పులు వచ్చే అవకాశం 4 శాతం లోపే. ఆయన జలుబు తగ్గాక చూద్దామన్నారు. అన్నట్టు ఆయనకి నా వయసే. అరవై దాటిన చెవికి హెచ్చు స్వరాల చివరంచు తెగిపోయి ఉంటుంది. నేనైతే 10 కిలోహెర్ట్జ్ పైన ఏమీ వినలేను, స్వరం పెట్టి చూసుకున్నాను.

గుయ్యిమనే హమ్ వస్తే కంప్యూటర్నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి, బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. ఎర్త్ పిన్ను పీకేయమనేవాళ్లుంటారు. హమ్ పోవచ్చు, షాకు కొడితే ప్రాణమూ పోవచ్చు.

ఇప్పటికి 24 కేసెట్లు ఎక్కాయి, చేతబడి ప్రసంగంతో సహా. మిగిలిన 17లో మూడింటికి బూజు పట్టింది. వాటి రీళ్లు విప్పి తుడవాలి.