పాత నెగెటివులను శుభ్రపరచుట

మన యిండ్లలో ఫోటోలకు గల మర్యాద వాని నెగెటివులకు లేదు. ఫోటో చట్రము కట్టించుకొని గోడ నెక్కును; నెగెటివు కాగితపు సంచిలో ట్రంకుపెట్టె యడుగున పడియుండును. కాని ఫోటో వెలసిపోయిననాడు, చెదలు తినిననాడు, ఆ ముఖమును మరల చూపగలది యీ ఫిల్ము ముక్కయే.

అనుమసముద్రంపేటలో మా అత్తగారు కాలము చేసిన పిదప ఆమె పెట్టెలో 1960ల నాటి నెగెటివులు 12 దొరకినవి. ఒకదానియందు ఆమెయు, పొరుగింటి ముస్లిము నెచ్చెలియు దర్గా గంధమహోత్సవమునాడు ప్రక్కప్రక్కన నిలిచియున్నారు. దానికి ఫోటో మిగులలేదు. ఆ నెచ్చెలికి ఇప్పుడు 80 ఏండ్లు దాటినవి. "కన్ను మూసేలోగా మీ అత్తను ఒక్కసారి చూపించమ్మా" అని నన్నడిగినది. స్కాను చేయించి పెద్దదిగా అచ్చు వేయింపవలెనని తలచితిని. కాని ఫిల్ముపై దుమ్మును, ఒకచోట సాలెగూటివంటి బూజును ఉన్నవి.

దుమ్మును స్కానరే తీసివేయునని కొందరందురు. రంగుల ఫిల్ముల విషయమున అది చాలవరకు నిజము. కొన్ని యంత్రములు పరారుణ కిరణములతో దుమ్మును గుర్తించును. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో నేర్పడును. వెండియు ఆ కిరణముల నడ్డును గనుక యంత్రము బొమ్మనే దుమ్మని భ్రమించును. కావున చేతిపని తప్పదు.

ఫిల్ములో మెరయు వైపు ప్లాస్టిక్కు. మసకగా నుండునది జిలాటిన్ పొర. జిలాటిన్ బూజునకు ఆహారము. బూజు తినినచోట ఆ పొర నీటిలో కరగిపోవచ్చును. అందుచే తడిగుడ్డతో తుడువరాదు, నోటితో ఊదరాదు.

ఫ్యాను ఆపి, నూలు చేతొడుగులు ధరించి, ఫిల్మును అంచులయందే పట్టుకొంటిని. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో బరువు మోపక దుమ్ము రాల్చితిని. వేలిముద్రల జిడ్డునకు, నీరు దాదాపు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాలును మెత్తని బట్టకు కొద్దిగా అద్ది, మెరయు వైపు మాత్రమే తుడిచితిని. ఆ దరిదాపుల దీపముగాని పొయ్యిగాని ఉండరాదు. బూజు అత్తగారి చెక్కిలి నంటియున్నది. దానిని తీయబోయిన ముఖమే పోవునని యట్లే విడిచి స్కాను చేయించితిని.

అచ్చు చేతికీయగా నెచ్చెలి మచ్చను చూడనేలేదు. "ఈ చీర నాదే. ఆరోజు మీ అత్త అడిగి కట్టుకున్నది" అని నవ్వినది. ఇంతకాలము మా యింట ఎవ్వరికిని తెలియని మాట యది!

సోదరీమణులారా! మన నెల్లూరు సీమలో కార్తీకపు వానల తేమ పెట్టెలలో చేరి బూజు పట్టించును. వేసవిలో రేకుపెట్టె కాగిపోవును. నెగెటివులను కాగితపు సంచులలో వేరువేరుగా నుంచి, పొడిగా చల్లగా నుండుచోట దాచుడు. పుల్లని వాసన వచ్చు ఫిల్ము చెడుచున్నదని యెరిగి, దానిని విడిగా తీసి ముందుగా స్కాను చేయింపుడు. సంచిపై పేర్లును సంవత్సరమును వ్రాయుడు. చెప్పగల పెద్దలు ఉండగనే అడిగి వ్రాయుడు. దుమ్ము తుడువవచ్చును గాని, ఆ పేర్లు మరల దొరకవు.